అదను తప్పిన ఆట

“అదనెరిగి సేద్యం, పదనెరిగి పైరు” అన్న సామెత తెలుగునాట అంతటా వినిపించేదే అయినా, అనంతపురం సీమలో దానికి ఉన్న బరువు మరొకచోట లేదు. సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే ఎరిగిన ఈ ఎర్రనేలలో, తొలకరి పడిన తరువాత జూలై నెల దాటకముందే వేరుశనగ విత్తు భూమిలో పడవలె. ఆ అదను తప్పిన పిదప వరుణదేవుడు ఎంత కరుణించినా ఆ యేటి పంట దక్కదు. అయితే రైతు సోమరియై విత్తలేదా, వాన రాక విత్తలేదా అన్న ప్రశ్న ఒకటి ఉన్నది. ఈ రెంటికీ గల భేదాన్ని ప్రభుత్వాలు మెల్లమెల్లగా గుర్తించాయి. పూర్వం పంట పోయిన యేడు శిస్తులో వజా ఇవ్వడం ఆ గుర్తింపే. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకం ఇంకొక అడుగు ముందుకు వేసి, ఒక ప్రాంతంలో వాన లేక విత్తడమే సాధ్యపడనప్పుడు బీమా మొత్తంలో నాలుగవ వంతు వరకు చెల్లించే నియమాన్ని చేర్చింది. ఆచరణలో లోపాలు ఎన్ని ఉన్నా, దాని వెనుక ఉన్న సూత్రం నిర్వివాదమైనది. తన తప్పు లేకుండా పోయిన కాలాన్ని మనిషి ఖాతాలో అప్పుగా వ్రాయరాదు.

చిత్రమేమంటే, రైతుకు వర్తించిన ఈ సూత్రం రైతు బిడ్డ ఆడుకొనే కళాశాల మైదానం వరకు రాలేదు. ఫుట్‌బాల్ ఆడుతూ మోకాలు చెడి ఒక యేడు మూలపడిన విద్యార్థికి ఆ యేడు పోయినట్లే లెక్క. పోటీల వయఃపరిమితి ఆ యేటిని లెక్కిస్తుంది. తరగతి హాజరుపట్టిక ఆ దినాలను లెక్కిస్తుంది. ఉద్యోగపు దరఖాస్తు ఆ యేటి ధ్రువపత్రం ఏదని అడుగుతుంది. గాయం మానవచ్చును గాని, గాయం వల్ల పోయిన అర్హత మానదు. ఇది న్యాయమా, దీనికి మార్గాంతరం లేదా అన్నదే విచారింపదగిన విషయం.

కళాశాల ఆటగాడికి సంవత్సరమంతా ఆటే అని బయటివారు అనుకొంటారు. నిజానికి అతని పంటకాలం చాలా చిన్నది. మొదట కళాశాలల నడుమ పోటీలు జరుగుతాయి. వాటిలో కనబడినవారిని విశ్వవిద్యాలయపు జట్టుకు ఎంపిక చేస్తారు. ఆ జట్టు దక్షిణ మండలపు అంతర విశ్వవిద్యాలయ పోటీలకు పోతుంది. అక్కడ నెగ్గితే అఖిల భారత పోటీలు. ఈ మెట్లన్నీ కొద్ది నెలలలో ముగిసిపోతాయి. ఎంపిక నాటికి కాలు నేలమీద నిలవకపోతే మిగిలిన మెట్లన్నీ ఆ యేటికి మూసుకొన్నట్లే. డిగ్రీ చదువు మూడు నాలుగేళ్ళు. మొదటి యేడు కొత్తవాడని పక్కన కూర్చోబెడతారు. చివరి యేడు పరీక్షల భయం. నడుమ మిగిలేది ఒకటి రెండు అదనులు మాత్రమే. అందులో ఒకటి పోతే సగం జీవితం పోయినట్లు ఆ వయస్సులో తోచడం అతిశయోక్తి కాదు.

అనంతపురంలో ఈ విషయానికి మరింత ప్రాముఖ్యం ఉన్నది. 1916లో కళాశాల వెలసిన ఊరు ఇది. గిండీలో మొదలైన ఇంజనీరింగ్ కళాశాల 1948లో ఇక్కడకు తరలివచ్చింది. 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. వానకు పేద అయినా చదువుకు పేద కాని ఊరని దీనికి పేరు. 1969లో ఇక్కడకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లెలలో బడులు, ఆసుపత్రులతోపాటు ఆటలకు కూడా చోటు కల్పించింది. ఆ సంస్థ క్రీడాగ్రామంలో పల్లెటూరి బాలురు, బాలికలు ఫుట్‌బాల్ నేర్చుకొంటూ వచ్చారు. ఆ సంస్థ మైదానంలోనే 2024 సెప్టెంబరులో దేశపు అగ్రశ్రేణి క్రికెటర్లు దులీప్ ట్రోఫీ ఆడారు. కాని క్రికెట్ కంటే ఫుట్‌బాల్ పేదవాడికి చేరువ. ఇరువైమందికి ఒక్క బంతి చాలును. కోత కోసిన చేనే మైదానం. నాలుగు రాళ్ళు పెడితే అవే గోలుస్తంభాలు. కరువుసీమ పల్లెలకు ఈ ఆట నచ్చడంలో వింత లేదు.

ఆ పల్లెలనుండి కళాశాలకు వచ్చిన బిడ్డకు ఆట వినోదం మాత్రమే కాదు. అది ఒక ఆధారం. కేంద్ర ప్రభుత్వం 1980లో క్రీడాకారుల నియామకాలకు చేసిన ఏర్పాటులో ధ్రువపత్రాలను తరగతులుగా విభజించారు. అంతర్జాతీయ పోటీలకు ఫారం 1, జాతీయ పోటీలకు ఫారం 2, అంతర విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం 3, పాఠశాలల జాతీయ పోటీలకు ఫారం 4. దేశపు జట్టుకు ఆడే భాగ్యం కోటికి ఒకరికి దక్కుతుంది. రాష్ట్రపు జట్టుకు ఆడడం వేలలో ఒకరికి సాధ్యం. పల్లె కళాశాల విద్యార్థి చేయి చాచితే అందే కొమ్మ ఆ ఫారం 3 ఒక్కటే. ఆ కాగితం చేతికి వచ్చే యేటనే మోకాలు చెడితే పోయేది ఆట మాత్రమేనా? పోలీసు శాఖలోనో, రైల్వేలోనో దొరకవలసిన ఒక చిన్న ఉద్యోగం, దానితో తీరవలసిన ఒక ఇంటి అప్పు కూడా దానితోపాటు పోతాయి.

గాయం స్వభావాన్ని కొంచెం తెలుసుకోవడం అవసరం. ఫుట్‌బాల్ ఆటగాళ్ళు మిక్కిలి భయపడేది మోకాలి లోపలి స్నాయుబంధం తెగడానికి. తొడ ఎముకను కాలి ఎముకతో బిగించి ఉంచే ఒక చిన్న పట్టీ అది. వేగంగా పరుగెడుతున్నవాడు హఠాత్తుగా ఆగి పక్కకు తిరిగినప్పుడు, ఎగిరి ఒంటికాలిమీద వంకరగా దిగినప్పుడు అది తెగుతుంది. చాలాసార్లు ఎవరూ తాకనైనా తాకరు. పైకి రక్తం కనబడదు, ఎముక విరగదు. అందువల్లనే చూచేవారు దానిని బెణుకని కొట్టివేస్తారు. కట్టు కట్టి, వేడినీళ్ళు కాచి, రెండు వారాలకు మళ్ళీ మైదానానికి పంపుతారు. మోకాలు మళ్ళీ జారుతుంది. ఈసారి లోపలి మెత్త కూడా చిరుగుతుంది. సకాలంలో గుర్తించి శస్త్రచికిత్స చేసినా, మళ్ళీ పోటీలో దిగడానికి తొమ్మిది నెలలైనా ఆగవలెనని వైద్యులు నేడు చెబుతున్నారు. అంతకు ముందే తొందరపడి దిగినవారిలో మరల గాయపడినవారు ఎక్కువని పరిశీలనలు రుజువు చేశాయి.

ఇప్పుడు ఈ తొమ్మిది నెలలను కళాశాల క్యాలెండరు పక్కన పెట్టి చూడవలె. ఒక విద్యార్థిని కల్యాణదుర్గం వైపు పల్లెనుండి వచ్చి అనంతపురంలో ఇంజనీరింగ్ రెండవ సంవత్సరం చదువుతున్నదని అనుకొందాం. సెమిస్టరుకు పనిదినాలు సుమారు 90. పరీక్ష వ్రాయడానికి నూటికి 75 వంతుల హాజరు కావలె. అంటే 22 దినాలకు మించి మానరాదు. జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు నిబంధనలలో సరైన కారణం చూపినవారికి 65 వంతుల వరకు సడలింపు ఉన్నది. అప్పుడు 31 దినాలు మానవచ్చును. మోకాలికి శస్త్రచికిత్స జరిగి, ఊతకర్రలమీద నడవడం నేర్చి, బస్సు ఎక్కగలిగేసరికి ఆరు వారాలు పట్టినదనుకొన్నా, వారానికి ఆరు దినాల లెక్కన 36 దినాలు పోతాయి. మిగిలిన 54 దినాలలో ఒక్కటి కూడా మానకపోయినా ఆమె హాజరు నూటికి 60 వంతులే. సడలింపు తరువాత కూడా ఆమె పరీక్షకు అనర్హురాలు. ఆ సెమిస్టరు తిరిగి చదవడానికి మళ్ళీ దాని వంతు వచ్చేవరకు, అనగా మరుసటి యేటివరకు ఆగవలె.

ఇందులో ఒక వింత ఉన్నది. కళాశాల తరఫున పోటీకి పోయిన దినాలకు అనేక కళాశాలలు హాజరు వేస్తాయి. అది సరైనదే. కాని అదే పోటీలో, అదే కళాశాల చొక్కా తొడుక్కొని ఆడుతూ కాలు చెడి పడిన మరునాటినుండి ఆమె గైరుహాజరు. గెలిచి తెచ్చిన కప్పు ప్రిన్సిపాలుగారి గది అలమరలోకి చేరుతుంది. ఓడిన మోకాలు ఇంటికి చేరుతుంది. కప్పు కళాశాలది, గాయం మాత్రం విద్యార్థిది! సిపాయి యుద్ధభూమిలో ఉన్నంతవరకే కొలువులో ఉన్నట్లు, ఆసుపత్రిలో పడుకొంటే సెలవు పెట్టినట్లు భావించే సైన్యం ఎక్కడైనా ఉన్నదా?

గాయపడిన ఆటగాడి ముందు ఈ విధంగా మూడు గడియారాలు నడుస్తున్నాయి. మోకాలి గడియారం ప్రకృతిది. దానిని ఎవరూ త్వరపెట్టలేరు. రెండవది చదువుల గడియారం. అది సెమిస్టరు లెక్కన తిరుగుతుంది. మూడవది పోటీల గడియారం. వయఃపరిమితి ముల్లు ఆగకుండా పోతూనే ఉంటుంది. మొదటిదానిని ఆపడం మానవునికి సాధ్యం కాదు. తక్కిన రెండూ మానవులు చేసిన గడియారాలే. మొదటిది ఆగిపోయినప్పుడు తక్కిన రెంటినీ కాసేపు ఆపడం అసాధ్యం కాదు. ఆపవలెనన్న ఆలోచనే రాలేదు.

కరువుకూ, మోకాలికీ సంబంధం ఉన్నదంటే కొందరికి నవ్వు రావచ్చును. కాని ఆస్ట్రేలియా దేశంలో అక్కడి ఫుట్‌బాల్ ఆటగాళ్ళపై జరిగిన ఒక పరిశీలన 1999లో వెలువడింది. వెనుకటి సంవత్సరంలో వాన తక్కువైనప్పుడు, వెనుకటి నెలలో నేలలోని చెమ్మ ఎక్కువగా ఆవిరైనప్పుడు, ఎవరూ తాకకుండానే మోకాలి స్నాయుబంధం తెగే ప్రమాదం పెరిగినదని అందులో తేలింది. అవి పచ్చికతో కప్పిన మైదానాలు. ఆట కూడా మన ఆటకు కొంత భిన్నమైనది. కాబట్టి ఆ లెక్కలను తెచ్చి గరుసు నేలకు యథాతథంగా అంటగట్టరాదు. అయినా నీరు పెట్టి పెంచిన పచ్చికమీదనే వానలేమి ఇంత పని చేస్తే, పచ్చికే ఎరుగని ఎర్రగరుసుమీద, ఎండకు ఇటుకవలె గట్టిపడిన నేలమీద ఆడే పిల్లల మోకాళ్ళను గురించి ఎవరైనా కనీసం ఒక లెక్క వ్రాసి ఉంచవలెనని అనిపించకమానదు. ఏ పైరు ఏ మండలంలో ఎంత ఎండినదో అధికారులు వ్రాస్తారు. ఏ కళాశాలలో ఎందరి మోకాళ్ళు చెడినవో వ్రాసే పుస్తకం కూడా ఉండవలె.

బాలికల విషయం మరింత ఆలోచింపదగినది. ఒకే ఆట ఆడే యువతులకు ఈ గాయం యువకులకంటె రెండు మూడు రెట్లు ఎక్కువగా తగులుతుందని వైద్యశాస్త్రం చెబుతున్నది. ఎముకల అమరిక, కండరాల బలం, శిక్షణలోని లోపం మొదలైన కారణాలు చెబుతారు. వాటికి తోడు మన ఇండ్లలో మరొక కారణం ఉన్నది. కొడుకు కాలు విరిగితే “మళ్ళీ ఆడవచ్చులే” అంటారు. కూతురి కాలు బెణికితే “ఇక చాలు, ఆట మానుకో” అంటారు. ఆ యేడు పోటీలకు పోలేదన్న మాట పెండ్లిచూపులకు దారి అవుతుంది. నియమం చేసే నష్టానికి లోకం చేసే నష్టం తోడైతే ఆ పిల్ల మైదానానికి తిరిగి రావడం దుర్లభం.

గాయం తరువాత జీవితం లేదని చెప్పడం దీని అభిప్రాయం కాదు. తెలుగువారికి కండ్లముందు గొప్ప నిదర్శనం ఉన్నది. శ్రీ పుల్లెల గోపీచంద్ 1994లో పుణే నగరంలో జాతీయ క్రీడలలో జోడీ ఆట ఆడుతూ పడి మోకాలి స్నాయుబంధం తెంచుకొన్నారు. అప్పటికి ఆయన ఇరువై యేండ్ల కళాశాల ప్రాయంవారు. ఒకటికి రెండుమార్లు శస్త్రచికిత్సలు జరిగాయి. 1996లో ఆయన జాతీయ విజేత అయ్యారు. 2001 మార్చిలో బ్యాడ్మింటన్ లోకానికి కిరీటం వంటి ఆల్ ఇంగ్లండ్ పోటీని గెలిచారు. ఈ కథను ఉపాధ్యాయులు పట్టుదలకు ఉదాహరణగా చెబుతారు. చెప్పవలసినదే. కాని అందులో మరొక నీతి కూడా ఉన్నది. ఆయన తిరిగి వచ్చిన తలుపు జాతీయ పోటీల తలుపు. దానికి వయస్సు గొళ్ళెం లేదు. “ఇన్నేండ్లు దాటితే నీవు రావద్దు” అని ఎవరూ అనలేదు. పట్టుదల ఆయనది, తలుపు తెరిచి ఉండడం నియమానిది. విశ్వవిద్యాలయపు తలుపు ఒక్కటే గతి అయిన పల్లె విద్యార్థికి పట్టుదల ఎంత ఉన్నా, మూసిన తలుపును తలతో కొట్టుకోవడమే మిగులుతుంది.

రెండవవైపు కథ కూడా మన నేలమీదనే ఉన్నది. సికిందరాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1956 మెల్బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లలో భారతదేశం తరఫున ఫుట్‌బాల్ ఆడాడు. రోమ్‌లో హంగేరీ, పెరూ జట్లపై గోళ్ళు చేశాడు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణపతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. మరుసటి యేడే ఊపిరితిత్తుల వ్యాధి ఆయన ఆటను ముగించింది. అప్పటికి ఆయనకు ముప్పై యేండ్లు నిండలేదు. 2023 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూసేనాటికి ఆట వదలి దాదాపు అరువై సంవత్సరాలయింది. దేశపు అగ్రశ్రేణి ఆటగాడికే శరీరం అంతటి నిర్దయ చూపగలదు. పేరులేని కళాశాల ఆటగాడి విషయం చెప్పనేల?

1962 నాటి ఆ జకార్తా విజయంలోనే మరొక ఘట్టం ఉన్నది. జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీంగారు వెనుకవరుసలో ఆడే ఆయనను ముందువరుసకు మార్చి దింపారు. ఆ తల కట్టుతోనే ఆయన ఉపాంత్యంలోను, దక్షిణ కొరియాపై జరిగిన తుది ఆటలోను గోళ్ళు చేశాడు. భారతదేశం 2–1తో గెలిచింది. రహీంగారు హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసినవారు. ఆ విజయం తరువాత సంవత్సరమైనా తిరగకముందే, 1963 జూన్‌లో క్యాన్సరు వ్యాధితో కన్నుమూశారు. ఆ గురుశిష్యుల సాహసానికి నమస్కరించనివారు ఉండరు. అయితే ఆనాటికి తల దెబ్బల ప్రమాదం లోకానికి సరిగా తెలియదు. ఈనాడు తెలుసు. తల అదిరిన ఆటగాడి బదులు అదనంగా ఒకరిని దింపే పద్ధతిని 2021నుండి పరీక్షించి, 2024లో ఫుట్‌బాల్ నియమావళిలోనే చేర్చారు. నిన్నటి సాహసాన్ని పూజించడం వేరు, నేటి పిల్లలను అందుకు బలవంతపెట్టడం వేరు. అర్హత పోతుందన్న భయమే లేకపోతే ఏ విద్యార్థీ తెగిన మోకాలికి కట్టు బిగించి ఎంపిక పోటీలో దిగడు. కఠిన నియమం గాయాన్ని శిక్షించడమే కాదు, గాయాన్ని దాచమని నేర్పుతున్నది.

దీనికి వ్యతిరేకంగా చెప్పదగిన మాటలు లేకపోలేదు. వయఃపరిమితి ఊరక పుట్టలేదు. ఆటకోసమే ఏదో ఒక కోర్సులో చేరి, యేండ్ల తరబడి కళాశాల వదలని వృత్తి ఆటగాళ్ళు ఒకప్పుడు కుర్రవారి స్థానాలను ఆక్రమించారు. దానిని అరికట్టడానికే ఆ గీత గీశారు. హాజరు నియమం కూడా చదువును కాపాడడానికే పుట్టింది. గాయానికి మినహాయింపు ఇస్తే దొంగ వైద్యపత్రాలు వాన తరువాత పుట్టగొడుగులవలె మొలుస్తాయని అధికారులు భయపడతారు. గాయపడినవాడికి ఒక యేడు ఎక్కువ ఇస్తే, ఆ యేడు జట్టులో చోటు కోల్పోయే చిన్నవాడి గతి ఏమని అడగడం కూడా న్యాయమే. ఈ ఆక్షేపణలకు సమాధానం చెప్పకుండా కేవలం జాలిమీద నియమాన్ని మార్చమనడం భావ్యం కాదు.

సమాధానం ఇతర దేశాల అనుభవంలో కొంత దొరుకుతుంది. అమెరికాలో ఫుట్‌బాల్ అన్న పేరుతో ఆడేది బంతిని చేతపట్టి పరుగెత్తే వేరొక ఆట. అయినా అక్కడి కళాశాల క్రీడల సంఘం దీర్ఘకాలం పాటించిన సూత్రం ఆటలన్నిటికీ వర్తించేది. విద్యార్థికి ఐదేండ్ల గడువు, అందులో నాలుగు సీజనులు ఆడే హక్కు. ఒక సీజను గాయానికి పోతే అది లెక్కలోనికి రాకుండా విన్నవించుకోవచ్చును. కాని దానికి గట్టి షరతులు పెట్టారు. గాయం సీజను మొదటి సగంలో తగిలి ఉండవలె. అప్పటికి అతడు మూడు పోటీలకో, మొత్తంలో నూటికి 30 వంతులకో మించి ఆడి ఉండరాదు. ఆ సమయంలో చేసిన వైద్యపరీక్షల కాగితాలు చూపవలె. ఒక యేడు ఆడకుండా సాధన మాత్రమే చేసేవారికి అక్కడ ‘ఎర్రచొక్కా’ అన్న పేరు ఉన్నది. 1937లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో ఒక ఆటగాడు అలా సాధన చేస్తూ ఎర్రచొక్కా తొడిగినందువల్ల ఆ పేరు వచ్చినదని చెబుతారు. అనగా జాలికి కొలత పెట్టారు, దయకు కాగితం అడిగారు. మోసానికి మందు నిరాకరణ కాదు, పరీక్ష.

వయస్సు గీతను జరపడం లోకంలో ఎన్నడూ జరగనిదేమీ కాదు. పురుషుల ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ముగ్గురు తప్ప తక్కినవారు 23 యేండ్లు దాటరాదన్నది నియమం. 2020లో జరగవలసిన టోక్యో ఒలింపిక్స్ మహమ్మారివల్ల 2021కి వాయిదా పడినప్పుడు, 1997లో పుట్టినవారికి ఆ గీత దాటిపోయింది. అయినా వారి తప్పు లేదని గుర్తించి, ఫిఫా సంస్థ 1997 జనవరి 1 తరువాత పుట్టినవారందరినీ అనుమతించింది. అమెరికా కళాశాలలు కూడా ఆ మహమ్మారి యేటిని ఆటగాళ్ళ లెక్కలో వేయలేదు. లోకమంతటికీ వచ్చిన రోగానికి ఒక యేడు మినహాయించగలిగినవారు, ఒక్క మోకాలికి వచ్చిన రోగానికి మినహాయించలేరా? అందరికీ కలిగినప్పుడు అది విపత్తు, ఒకరికి కలిగినప్పుడు అది ఖర్మ అనడం న్యాయశాస్త్రం కాదు.

కావున మన విశ్వవిద్యాలయాలు చేయవలసిన పనులు పెద్దవి కావు. కళాశాల తరఫున ఆడుతూ గాయపడినట్లు అక్కడికక్కడే వ్రాతపూర్వకంగా నమోదైన విద్యార్థికి, చికిత్సా దినాలను పోటీ దినాలతో సమానంగా హాజరులో లెక్కించవలె. ఆ దినాల పాఠాలు నష్టపోకుండా ప్రత్యేక తరగతులో, వ్రాతపనులో ఏర్పాటు చేస్తే చదువుకూ లోటు రాదు. రెండవది, అటువంటి గాయంవల్ల ఒక సీజను పూర్తిగా పోయినవారికి చదువుకాలం మొత్తంలో ఒక్కసారి, ఒక్క సంవత్సరం మాత్రం వయఃపరిమితిలో సడలింపు ఇవ్వవలె. గాయమైన వారంలోగా ప్రభుత్వ వైద్యశాలలో తీసిన చిత్రాలు, వైద్యమండలి పరీక్ష దానికి ఆధారాలు కావలె. ఒక్కసారే కాబట్టి వృత్తి ఆటగాళ్ళు దూరరు. చిన్నవారికి అన్యాయం జరగకుండా ఆ సడలింపు జట్టులో చోటుకు హామీ కాక, ఎంపికలో పాల్గొనే హక్కుగా మాత్రమే ఉండవలె. గెలిచినవాడే ఆడతాడు, కాని పందెంలో నిలబడనివ్వవలె.

మూడవది నివారణ. చికిత్సకు లక్షలు కావలెను గాని నివారణకు ఇరువై నిమిషాలు చాలును. ఫిఫా వైద్యులు 2006లో రూపొందించిన సన్నాహక వ్యాయామం ఒకటి ఉన్నది. పరుగు, తొడ కండరాల సాధన, ఎగిరి రెండు కాళ్ళమీద సరిగా దిగడం, పక్కకు తిరగడం అందులో భాగాలు. దానికి యంత్రాలు అక్కరలేదు, పచ్చిక అక్కరలేదు. 2008లో నార్వే దేశంలో 1892 మంది బాలికలపై దీనిని పరీక్షించిన ఫలితాలు వెలువడ్డాయి. మొత్తం గాయాల ప్రమాదం సుమారు మూడవ వంతు, తీవ్రమైన గాయాల ప్రమాదం ఇంచుమించు సగం తగ్గినట్లు తేలింది. చలిదేశపు బాలికలకు ఉపకరించినది ఎండదేశపు బాలికలకు ఉపకరించకపోదు. మైదానంలో బంతి వేయగానే పిల్లలు పరుగెత్తడం సహజం. ఆ బంతిని ఇరువై నిమిషాలు చంకలో పెట్టుకొని నిలబడగలవాడే నిజమైన వ్యాయామోపాధ్యాయుడు.

ఇందులో బడిపంతుళ్ళ పాత్ర అందరికంటె పెద్దది. కళాశాలకు వచ్చేసరికి ఆటగాడి అలవాట్లు ముదిరిపోతాయి. నొప్పిని చెప్పుకోవడం పిరికితనమని బడిలో నేర్చినవాడు కళాశాలలో గాయాన్ని దాస్తాడు. కుంటుతున్న పిల్లవాణ్ణి “ఒక్క ఆటకు ఓర్చుకో” అనని ఉపాధ్యాయుడు, కప్పు పోయినా సరే పక్కన కూర్చోబెట్టే ఉపాధ్యాయుడు, ఆ పిల్లవాడికి పదేండ్ల ఆటను దానం చేసినట్లే. రహీంగారివంటి మహాశిక్షకుడు బడి మైదానంనుండే పుట్టారని మరువరాదు. విద్యార్థులు కూడా ఒక విషయం గుర్తుంచుకోవలె. గాయపడిన సహాధ్యాయికి ఆ యేడు కావలసింది సానుభూతి వాక్యాలు కాదు. తరగతిలో వ్రాసుకొన్న పాఠాల ప్రతి, బస్సు దగ్గరనుండి తరగతివరకు ఒక భుజం, సాయంకాలం మైదానం గట్టుమీద తమ నడుమ ఒక చోటు. జట్టు అన్న మాటకు అర్థం పదకొండుమంది ఆడడం కాదు, పండ్రెండవవాడిని మరువకపోవడం.

అనంతపురం రైతు ఒక యేడు పంట పోయినందుకు సేద్యం మానలేదు. మరుసటి తొలకరికి మళ్ళీ గొర్రు కట్టాడు. ఆ ఓర్పు ఈ నేల బిడ్డల రక్తంలో ఉన్నది. దానిని వారికి ఎవరూ నేర్పనక్కరలేదు. వారికి కావలసింది మరుసటి తొలకరి ఒకటి ఉన్నదన్న నమ్మకం మాత్రమే. వానను ఏ ప్రభుత్వమూ తేలేదు, తెగిన స్నాయువును ఏ విశ్వవిద్యాలయమూ అతకలేదు. కాని పోయిన అదనుకు బదులు మరొక అదను ఇవ్వడం మనుష్యుల చేతిలో ఉన్న పని. ఒక్క నియమపు పంక్తి మారితే చాలును. ఆ పంక్తి వ్రాయవలసినవారు ఎర్రనేలమీద ఒకసారి నడిచి చూస్తే ఆలస్యం చేయరు.